పసుపు గుర్తు లేని క్యాను

మొన్న ఆదివారం మా అమ్మాయి కారు నడుపుతుంటే పక్కన కూర్చుని బందరు నుంచి పామర్రు దాకా వెళ్ళాను. దారిలో బంకు దగ్గర బండి ఆగిందో లేదో తలుపు తీసుకుని దిగిపోయాను. ఇంట్లో మంచినీళ్ళ కోసం కుర్చీలోంచి లేవడానికి పదిసార్లు మోకాళ్ళు పట్టుకునే మనిషిని, బంకులో మాత్రం పాతికేళ్ళవాడిలా దిగుతానని మా అమ్మాయి వేళాకోళం. దిగి, మిషను మీద సున్నా చూసుకుని, గొట్టం రంగు చూసుకుని, ట్యాంకు మూత లోపల అంటించిన కాగితాన్ని కళ్ళజోడు సవరించుకుని చదివి, అక్కడ పనిచేసే ఆడపిల్లని ఇది పెట్రోలేనా అని రెండుసార్లు అడిగాను. పెట్రోలేనండీ అని ఆ పిల్ల నవ్వింది. ఆ నవ్వు మీద కూడా నాకు కాస్త అనుమానం కలిగిన మాట ఒప్పుకోవాలి. మళ్ళీ బయల్దేరాక మా అమ్మాయి, నాన్నా నీకు ఈ లోకంలో ఎవరి మీదా నమ్మకం లేదా అని అడిగింది. నవ్వుతూనే అడిగింది గాని, నాకెందుకో ఆ మాట గుచ్చుకుంది, పామర్రు వచ్చేదాకా కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాను.

మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో అనుమానం అనేది ఒక జాగ్రత్త కింద లెక్క. పెట్రోల్లో కిరసనాయిలు కలుపుతారని అనుమానం, ఎండెక్కితే పెట్రోలు పొంగి కొలత తగ్గుతుందని తెల్లవారకుండానే బంకుకి పరుగు, మిషను మీద అంకెలు తిరుగుతుంటే మాటల్లో పెట్టి మోసం చేస్తారేమోనని పలకరించినా పలక్కుండా అంకెలకేసే చూడటం, ఇవన్నీ తెలివిగల మనిషి లక్షణాలు. పాలల్లో నీళ్ళు, కారంలో ఇటికపొడి, బియ్యంలో రాళ్ళు చూసి పెరిగిన వాళ్ళం కదా, దేన్నీ ఉన్నది ఉన్నట్టు నమ్మితే వెర్రివాళ్ళ కింద జమకట్టేవారు. అందులోనూ నేను బడిపంతుల్ని. పరీక్షలప్పుడు పక్కవాడి కాగితంలోకి జారే కళ్ళని పది బారల దూరం నుంచి పట్టుకోవడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆ విద్యని బడిలోనే వదిలిపెట్టి ఇంటికి వచ్చి ఉంటే నా బతుకులో ఒక పెద్ద తప్పు తప్పిపోయి ఉండేది.

మాది బందరు రేవుని ఆనుకుని ఉన్న పల్లె. తాతల నాటి నుంచీ వేట మీద బతికిన కుటుంబం. నాన్నగారు తెప్పల మీద మొదలుపెట్టి, ఇంజను బోటు కొని, ఏళ్ళ తరబడి నడిపించి కన్నుమూశారు, ఆ బోటుని అన్నయ్య అందుకున్నాడు. చేపల వ్యాపారం కూడా తనదే. ఇంట్లో నలుగురిలో చదువు అబ్బింది నాకొక్కడికే, అందుకని ముప్ఫయ్యో పడిలో పడ్డాకైనా దివిసీమలో, నాగాయలంక అవతల ఒక పల్లెలో బడిపంతులు ఉద్యోగం వచ్చేసరికి మా రేవులో నా పేరు మాయమైపోయి అందరికీ మాస్టార్ని అయిపోయాను. నాకన్నా పెద్దవాళ్ళు కూడా నా ఎదుట బీడీ దాచేవారు. ఆ మర్యాద నా తలకి కొంచెం ఎక్కిందని ఇప్పుడు అనిపిస్తుంది గాని, అప్పుడు అది నా హక్కే అనుకున్నాను.

బోటున్న ఇల్లంటే డీజిలున్న ఇల్లు. మా వైపు దాన్ని డీజిలు అనేవారు కాదు, ఆయిలు అనేవారు. వేటకి వెళ్ళే ముందురోజు వెతుక్కోవడం బోటువాళ్ళకి నామోషీ, అందుకని మా పెరట్లో ఉన్న కొట్టుగదిలో ఎప్పుడూ తెల్లటి ప్లాస్టిక్ క్యాన్లలో ఆయిలు నిలవ ఉండేది. ఏళ్ళ తరబడి అలా ఉండి ఉండి ఆ గది గోడలు, తలుపు, చివరికి గొళ్ళెం కూడా ఆయిలు వాసన వేసేవి. ఇక్కడ మా ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది, అది చెప్పకపోతే జరిగిన కథ అర్థం కాదు. గంగమ్మ తల్లి మీదికి వెళ్ళే ఏ వస్తువూ బోసిగా వెళ్ళకూడదు. వల అయినా, తాడయినా, మంచినీళ్ళ పీపా అయినా, ఆయిలు క్యాను అయినా, ఇంటి ఆడవాళ్ళ చేత్తో పసుపు రాయించుకుని కుంకుమ బొట్టు పెట్టించుకున్నాకే బోటు ఎక్కాలి. అందుకని మా కొట్టుగదిలో ఆయిలు క్యాన్లన్నిటికీ నడుమున అడ్డంగా ఒక పసుపు పట్టీ, మధ్యలో బొట్టు ఉండేవి. పసుపు ఉంటే బోటుది, లేకపోతే ఇంటిది. ఎవరూ ఎవరికీ నేర్పకుండానే ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి అది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అన్నయ్య ఒక పాత అంబాసిడర్ కారు కొన్నాడు. మా రేవులో చేపల వాళ్ళ ఇంటి ముందు కారు నిలబడటం అదే మొదలు. అది పెట్రోలు బండి. బంకు మాకు దగ్గర్లో లేదు, పైగా నిలవ లేకపోతే అన్నయ్యకి నిద్ర పట్టదు, అందుకని కొట్టుగదిలో పెట్రోలుకి కూడా ఒక క్యాను చేరింది. అది బోటెక్కేది కాదు కాబట్టి దానికి పసుపు లేదు.

కారు నడపడానికి మావయ్య వచ్చాడు. మావయ్య అంటే మేనమామ కాదు, ఊరి వరస. నాన్నగారి బోటు మీద సరంగుగా, అంటే బోటు నడిపే మనిషిగా ఇరవై ఏళ్ళు చేసినవాడు, అన్నయ్యకి సముద్రం నేర్పినవాడు. వల లాగే తాడులో చిక్కుకుని ఎడమచేతి రెండువేళ్ళు పోయాక బోటు మీద పట్టు చిక్కక, నలభై అయిదేళ్ళ వయసులో డ్రైవింగు నేర్చుకున్నాడు. అన్నయ్యని పెద్దల్లుడా అనీ, నన్ను చిన్నల్లుడా అనీ పిలిచేవాడు. నన్ను మాస్టారు అనని మనిషి ఆ రేవులో ఆయనొక్కడే కావడం నాకు లోపల్లోపల గిట్టేది కాదు, ఆ సంగతి కూడా ఇక్కడ రాసేస్తే మంచిది.

శనివారం సాయంత్రం పులిగడ్డ మీదుగా బస్సులో ఇంటికి చేరేవాణ్ణి, సోమవారం మళ్ళీ దివిసీమ. ఇంట్లో ఉన్న ఆ ఒకటిన్నర రోజులో నేను చేసిన పని మావయ్యని కనిపెట్టి ఉండటం. మొదలెక్కడంటే, కారు ముందు పెట్రోలు ముల్లు ఒకరోజు నిండుగా, మర్నాడు సగానికి చూపించడం చూశాను. ఆ కారు ఊరు దాటి వెళ్ళింది లేదు. తర్వాత డిక్కీలో స్టెప్నీ వెనకాల చుట్టచుట్టి దాచిన రబ్బరు గొట్టం కనిపించింది. ట్యాంకులోంచి పెట్రోలు లాగడానికి తప్ప దానికి ఇంకో పని ఏముంటుంది? పైగా మావయ్య సొంత అల్లుడికి, కూతురి భర్తకి, మోపెడ్ ఉంది. నాకు ఇంక నిద్ర పట్టలేదు. ఒక శనివారం సాయంత్రం ట్యాంకు మూత మీద సన్నటి తెల్లదారం జిగురుతో అంటించి పెట్టాను, పరీక్ష పేపర్ల కట్టకి సీలు వేసినట్టు. ఆదివారం పొద్దున మావయ్య కారు తుడిచి వెళ్ళాక చూస్తే దారం తెగి ఉంది. దొంగ దొరికాడని నాకు కలిగిన సంతోషం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ కారులో ముల్లు పనిచేయదనీ, అందుకని బోటు ట్యాంకులో ఆయిలు కొలిచినట్టే మావయ్య రోజూ పొద్దున్నే మూత తీసి వెదురుపుల్ల ముంచి పెట్రోలు చూసుకునేవాడనీ నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. అడిగి ఉంటే ఆ రోజే తెలిసేది. అనుమానం ఉన్నవాడు అన్నీ చేస్తాడు గాని, అడగడం ఒక్కటి చేయడు.

అన్నయ్య చెవిలో వేశాను. అన్నయ్య కొట్టిపారేశాడు. అమ్మతో అంటే, అనుమానం పెనుభూతం నాయనా, దానికి తిండి పెట్టకు అంది. నేను ఊరుకోలేదు. వేసవి సెలవులకి ఇంటికి రాగానే కొట్టుగది తాళంచెవి నా మొలతాడుకి కట్టుకున్నాను. ఇకమీదట పెట్రోలు నేనే పోస్తాను, కొట్టుగది గడప మావయ్య తొక్కక్కర్లేదు అని ఇంట్లో చెప్పేశాను. మావయ్య అది విని, పోనీలే నాకూ ఒక పని తగ్గింది అన్నాడట. చూశావా, ఎంత నిబ్బరమో అనుకున్నాను.

అది వేట నిషేధం కాలం. చేపలు గుడ్లు పెట్టే ఆ నెలన్నర రోజులూ సముద్రం మీదికి ఎవరూ వెళ్ళకూడదు, బోట్లన్నీ గట్టెక్కి రంగులు వేయించుకుంటూ, ఇంజన్లు విప్పించుకుంటూ ఉంటాయి. అన్నయ్య పొద్దస్తమానం రేవులోనే ఉండేవాడు. వదిన పిల్లల్ని తీసుకుని నేను రావడానికి రెండు రోజుల ముందే తోట్లవల్లూరు దగ్గర వాళ్ళ పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో అమ్మా నేనూ మిగిలాం. అమ్మకి చూపు మసకబారుతోందని గుడివాడలో కళ్ళ డాక్టరుకి చూపించాలని అనుకున్నాం. ఆ డాక్టరు వారానికి ఒక్కరోజే వచ్చేవాడు, ఆ రోజు పోతే మళ్ళీ వారం.

ఆ రోజు తెల్లవారుతుండగానే లేచి, మావయ్య రాకముందే కొట్టుగది తీశాను. నాలుగు రోజులుగా జలుబు, ముక్కుకి రుమాలు కట్టుకున్నాను. ఖాళీ క్యాన్లు ఒక మూల బోర్లించి ఉన్నాయి, మసక వెలుతుర్లో నిండుగా ఉన్నవి రెండే. పసుపు ఉన్న క్యాను ఒకటి గోడవారగా కనిపించింది, దాని పక్కన పసుపు లేని క్యాను. పసుపు లేనిది తీసి, గరాటు పెట్టి, పది లీటర్లూ ట్యాంకులోకి వంచేశాను. గుడివాడలో మళ్ళీ నింపించుకుందామని ఖాళీ క్యాను డిక్కీలో పడేశాను. ఒక్క చుక్క ఒలకలేదు, నా పనితనానికి నాకే ముచ్చటేసింది.

మావయ్య వచ్చాడు, అమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టి బయల్దేరాం. బందరు దాటుతుండగానే బండి దగ్గడం మొదలుపెట్టింది. పెడన సమీపించేసరికి వెనకాల తెల్లటి పొగ, అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. పెడన దాటి, కాలువగట్టున కలంకారీ బట్టలు ఆరేసిన చోట రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. మావయ్య దిగి బానెట్ ఎత్తుతుంటే నేను ముందు సీటులోకి జరిగి తాళం తిప్పాను. ఇంజను గురగురలాడింది గాని అందుకోలేదు. ఇంకోసారి తిప్పాను. మావయ్య పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి నా చెయ్యి పట్టుకున్నాడు.

"తాళం ముట్టుకోమాక చిన్నల్లుడా. ఇంకో రెండుసార్లు తిప్పావంటే ఉన్నదంతా ఇంజన్లోకి లాగేసుద్ది."

ఏముందని లాగేస్తుంది, పెట్రోలేగా అన్నాను. ఆయన వెదురుపుల్ల ట్యాంకులో ముంచి తీసి, తడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దాడు. పెట్రోలయితే చల్లగా తగిలి ఊదేలోపల ఆరిపోతుంది, ఇది జిడ్డుగా వేళ్ళకి అంటుకునే ఉంది. నా వేళ్ళకి కూడా రాసి చూపించాడు. ఆయిలు కలిసిందని తేలిపోయింది. ఎవరు పోశారని అడిగాడు. నేనే, పెట్రోలు క్యానులోంచి పోశానన్నాను. ఆ క్యాను నింపి పెట్టింది ఎవరని నేను అడిగాను. నేనేనన్నాడు. నింపింది పెట్రోలేనన్నాడు. నా అనుమానానికి ఇంకేం కావాలి? క్యానులో పెట్రోలు అల్లుడి మోపెడ్‌కి చేరింది, లోటు తెలియకుండా అందులో బోటు ఆయిలు చేరింది, లెక్క కుదిరిపోయింది.

మావయ్య నాతో వాదం పెట్టుకోలేదు. ఇద్దరం కలిసి బండిని తుమ్మచెట్టు నీడకి తోశాం. అమ్మని గట్టు మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టాం. ఆయన బండి కింద దూరి ట్యాంకు అడుగు మర విప్పబోతే అది తుప్పుపట్టి రాలేదు. అప్పుడు డిక్కీలోంచి ఆ రబ్బరు గొట్టం తీశాడు. ఒక కొస ట్యాంకులో దింపి, రెండో కొస నోట్లో పెట్టుకుని బలంగా పీల్చి, ఆయిలు నోటికి అందిన క్షణంలో తీసి బకెట్లోకి వంచాడు. ఒక్క పీల్పుతో ధార కట్టింది. ఎంత ఒడుపుగా చేశాడో ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. బోటు ఇంజన్లో గాలి చేరినప్పుడల్లా నడిసముద్రంలో ఇరవై ఏళ్ళు చేసిన పని అది. నాకు ఆ ఇరవై ఏళ్ళూ కనిపించలేదు.

"నోటికి బాగా అలవాటైన పనేననుకుంటా మావయ్యా," అన్నాను.

ఆయన తుపుక్కున ఉమ్మి, భుజం మీది తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. అమ్మ గట్టు మీంచి నాకేసి చూసింది. మసకబారిన ఆ చూపుకి నా మొహం ఎంతవరకు ఆనిందో నాకు తెలియదు, నేను మాత్రం తల తిప్పుకున్నాను. తర్వాత మావయ్య తాజా పెట్రోలు తేవడానికి డిక్కీలోంచి ఖాళీ క్యాను తీశాడు. దాన్ని చేతిలో పట్టుకుని చుట్టూ ఒకసారి తిప్పి చూశాడు. నాకేసి చూశాడు. ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. దొరికిపోయిన దొంగ చూపు అంటే ఇదే అని నేను మనసులో రాసుకున్నాను.

పెడన వెళ్ళి వచ్చాక గొట్టాలు ఊడదీసి ఊది, కార్బురేటరు విప్పి పెట్రోలుతో కడిగి, నాలుగు ప్లగ్గులూ తుడిచి ఎండలో పెట్టి, కొద్దికొద్దిగా పెట్రోలు పోసి ఒకసారి కడిగి పారబోసి, ఆ తర్వాతే నింపి తాళం తిప్పాడు. కాసేపు పొగ కక్కి బండి మామూలుగా అందుకుంది. తాళం ఇంకో నాలుగుసార్లు తిప్పి ఉంటే ఇంత తేలిగ్గా పోయేది కాదని తర్వాత ఒక మెకానిక్కు చెప్పాడు. కానీ అప్పటికి మధ్యాహ్నం తిరిగింది, గుడివాడ డాక్టరు వెళ్ళిపోయే వేళయింది, వెనక్కి మళ్ళాం.

నేను ఇంటికి వెళ్ళి ఉంటే బాగుండేది. కారుని తిన్నగా రేవుకి పోనిమ్మన్నాను. అన్నయ్య బోటుకి రంగు వేయిస్తున్నాడు, చుట్టూ పాతికమంది ఉన్నారు, గట్టెక్కిన అన్ని బోట్లవాళ్ళూ అక్కడే. వాళ్ళందరి ముందూ చెప్పాను. దారం తెగడం చెప్పాను, గొట్టం చెప్పాను, మోపెడ్ చెప్పాను, క్యాను చెప్పాను. బళ్ళో పాఠం చెప్పినట్టు వరసగా, ఎక్కడా తడబడకుండా చెప్పాను. మీకు తెలియంది కాదు, రేవులో దొంగ అన్న పేరు పడినవాణ్ణి ఏ బోటూ ఎక్కనివ్వదు, ఏ ఇల్లూ పనికి పెట్టుకోదు. సముద్రం మీద తాళాలుండవు, మనిషి మీద నమ్మకమే తాళం. రెండువేళ్ళు లేని మనిషికి ఆ నమ్మకం తప్ప ఇంకో ఆస్తి లేదని నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

మావయ్య అంతా విని, నేను తియ్యలేదు పెద్దల్లుడా అని ఒక్కమాట అన్నాడు. అన్నయ్య చేతిలో కుంచె అలాగే పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. చదువుకున్న తమ్ముడి మాట ఒకవైపు, చెయ్యి పట్టుకుని సముద్రం నేర్పిన మనిషి ఒకవైపు. చివరికి అన్నయ్య గొంతు తగ్గించి అన్నాడు.

"కొన్నాళ్ళు ఇంటికాడ ఉండు మావయ్యా."

మావయ్య కారు తాళంచెవి బోటు అంచు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రానికే రేవులో ఆయనకి పెట్రోలు అని పేరు పెట్టేశారు. మా రేవులో పేరు పెట్టడం అంటే పచ్చబొట్టు పొడవడమే. వారం తిరక్కుండా ఆయనా అత్తయ్యా ఇల్లు తాళం పెట్టి దివిసీమ వెళ్ళిపోయారని తెలిసింది. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. డాక్టరు దగ్గరికి కూడా, బస్సులో వెళ్తాను, నీ కారు నాకక్కర్లేదు అంది.

నిషేధం ఎత్తేసే రోజు దగ్గరపడింది. వదిన పుట్టింటి నుంచి వచ్చింది. బోటు నీళ్ళలోకి దిగే ముందురోజు పొద్దున కొట్టుగది తెరిపించి, పళ్ళెంలో పసుపు కలుపుకుని క్యాన్లకి వరసగా పట్టీ రాస్తోంది. అరుగు మీద పేపరు చదువుతున్నవాణ్ణి, యథాలాపంగా, పాత పసుపు ఉండగా మళ్ళీ ఎందుకు వదినా అన్నాను. పాత పసుపు ఎక్కడుంది మాస్టారూ, నిషేధం మొదట్లో క్యాన్లన్నీ సబ్బుతో తోమించేశాగా అంది. మళ్ళీ తనే చెప్పింది. పుట్టింటికి వెళ్ళే ముందు కారుకి పూజ చేయించిందట. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారట. కారు కూడా ఇక మన బోటులాంటిదే కదా, దాని క్యాను మాత్రం బోసిగా ఎందుకుండాలి అని పెట్రోలు క్యానుకి పసుపు రాసి బొట్టు పెట్టిందట. ఇంజను నడిపి చూడటానికి ఉంచిన ఆయిలు క్యాను మాత్రం కడిగింది కడిగినట్టే, పసుపు లేకుండా పక్కన ఉందట. పూజలో నిమ్మకాయలు కోసింది మావయ్యేనట. చెబుతూ చెబుతూ వదిన చెయ్యి ఆగిపోయింది.

"ఆ రోజు మీరు తీసింది పసుపున్న క్యానా, లేనిదా?"

నేను లేచి కొట్టుగదిలోకి వెళ్ళాను. గోడవారగా పెట్రోలు క్యాను, దానికి నెలనాటి పసుపు పట్టీ. మూత తీశాను. జలుబు లేదు ఇప్పుడు, మొదటి పీల్పుకే తెలిసిపోయింది. నిండుగా ఉంది. మావయ్య నింపి పెట్టింది నింపినట్టే ఉంది. మూత బిగించి అక్కడే గడప మీద కూర్చున్నాను. వదిన పళ్ళెం పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వెంటనే రేవుకి పరుగెత్తి చెప్పానని రాస్తే నాకు బాగానే ఉంటుంది గాని, అది నిజం కాదు. బడి తెరిచేదాకా నోరు మెదపలేదు. మాస్టారు పొరబడ్డాడన్న మాట నా నోటితో నేనే ఎలా చెప్పుకోవడం అని రోజులు నెట్టాను. జూన్లో నాగాయలంక వెళ్ళాక వాకబు చేస్తే, మావయ్య అత్తయ్య పుట్టినూరి దగ్గర రొయ్యల చెరువులకి కాపలా ఉంటున్నాడని తెలిసింది. ఒక సాయంత్రం సైకిలు మీద వెళ్ళాను. చెరువుగట్టు మీద తాటాకు పాక, ముందు మావయ్య వల కుట్టుకుంటున్నాడు, ఎడమచేతికి ఉన్న మూడువేళ్ళతో దారం లాగుతూ. నన్ను చూసి మంచం వాల్చాడు. అత్తయ్య మాత్రం పాకలోంచి బయటికి రాలేదు. నేను నిలబడే అంతా చెప్పాను. పసుపు లేని క్యాను సంగతి నీకు ఆ రోజే తెలిసిందా అని అడిగాను.

తెలిసిందన్నాడు. పెడన వెళ్ళడానికి ఖాళీ క్యాను చేతిలోకి తీసుకోగానే, దానికి పసుపు లేకపోవడం చూడగానే తెలిసిందన్నాడు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు మావయ్యా అన్నాను. నా గొంతులో కోపం ఉంది, తప్పు సగం ఆయన మీదికి నెట్టాలన్న ఆశ కాబోలు. ఆయన వలలోంచి తల ఎత్తాడు.

"చెప్తే ఏమనేవాడివి చిన్నల్లుడా? ఆ పసుపు కూడా నేనే పూశాననేవాడివి."

నిజమే, అలాగే అనేవాణ్ణి. సరిగ్గా అదే మాట అనేవాణ్ణి. నా మనసు లోపలి గది తాళంచెవి ఎన్నాళ్ళ నుంచో ఆ మనిషి దగ్గర ఉన్నట్టు అనిపించి, ఉన్నచోటే ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, పొమ్మనీ అనలేదు. వల పక్కన పెట్టి, నాకు చెప్పి ఏం లాభం, చెప్పాల్సిన చోట చెప్పు అన్నాడు.

చెప్పాను. ఆ వచ్చే ఆదివారం పొద్దున బోట్లు ఒడ్డుకి చేరి వేలం జరుగుతున్న వేళ, మొదటిసారి చెప్పిన చోటే నిలబడి, తప్పు నాదేనని, మావయ్య చుక్క పెట్రోలు ముట్టలేదని అందరికీ వినబడేటట్టు చెప్పాను. అన్నయ్య తల దించుకున్నాడు. మిగతావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రేవు పెద్ద నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మీది పెద్ద మనసండి మాస్టారూ. ఆడి తప్పు మీ నెత్తినేసుకుంటన్నారు."

ఎంత చెప్పినా అంతే. ప్రమాణం చేస్తానన్నాను, వదినని పిలిపిస్తానన్నాను. చెప్పేకొద్దీ నా మంచితనం పెరిగింది గాని మావయ్య దొంగతనం తరగలేదు. పాపం, మాస్టారికి జాలెక్కువ అన్నారు. అన్నయ్య వెళ్ళి రెండుసార్లు బతిమాలాడు, మావయ్య రాలేదు. కోపం లేదు పెద్దల్లుడా, అక్కడ నన్ను చూసినప్పుడల్లా జనం జేబులు తడుముకుంటారు అన్నాడట. నేను నాగాయలంకలో ఉన్నన్నాళ్ళూ నెలకోసారి ఆ చెరువుగట్టుకి వెళ్ళేవాణ్ణి. ఏవో మాట్లాడుకునేవాళ్ళం, ఈ సంగతి తప్ప. అత్తయ్య ఎప్పుడో మూడో ఏట మజ్జిగ ఇచ్చింది. పదేళ్ళ క్రితం ఆయన పోయినప్పుడు పాడె మోయడానికి నన్ను రానిచ్చారు. అది నాకు చాలా పెద్ద మర్యాద.

ఇప్పుడు రేవు మన చిన్నప్పటి రేవు కాదు. గట్టెక్కే బోట్లు ఇనుప బోట్లయ్యాయి, వేలానికి కెమెరాలు పెట్టారు, ఎవరి మాటా ఎవరూ నమ్మక్కర్లేకుండా అన్నిటికీ కాగితం వస్తుంది. ఆ రోజు నా మాట విన్న పాతికమందిలో మిగిలినవాళ్ళు నలుగురైదుగురు, వాళ్ళకీ ఏది ముందో ఏది వెనకో గుర్తులేదు. కిందటి నెల మా పల్లెలో ఒక పెళ్ళికి వెళ్తే ఒక అమ్మాయి వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టింది. గుడివాడలో నర్సు ఉద్యోగమట. ఎవరమ్మాయివి తల్లీ అంటే, పెట్రోలు తాతగారి మనవరాలినండీ అని గర్వంగా చెప్పింది. ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుసా అమ్మా అని అడిగాను.

"రేవులో మొట్టమొదటి కారు నడిపింది మా తాతయ్యేనంటండీ. అందుకని అందరూ అలా పిలిచేవారంట."

పక్కనున్న కుర్రకారు కూడా అవునవునన్నారు. వాళ్ళందరికీ అదే తెలుసు, అంతే తెలుసు. నిజం చెప్పాలని నోటి దాకా వచ్చింది. చెబితే ఆ పిల్ల మొహంలో వెలుగు ఆర్పినవాణ్ణవుతాను, చెప్పకపోతే నా తప్పు ఎప్పటికీ నా ఒక్కడి దగ్గరే ఉండిపోతుంది. అవునమ్మా, మొదటి కారు నడిపింది ఆయనే అన్నాను. అది అబద్ధం కాదు. ఆ పిల్ల నవ్వుకుంటూ వెళ్ళిపోయింది, నేను పందిట్లో భోజనం చేయకుండానే ఇంటికి వచ్చేశాను. మావయ్య గురించి ఒక మంచి మాట ఆ రేవులో నిలబడటానికి ఇరవై ఏళ్ళు పైనే పట్టింది, అది కూడా నేను చెప్పింది కాదు.